ఎనిమిది ఫెయిల్ కాగితాలు

ఆ చలికాలం మా వీధిలో కార్లు పొద్దున్నే అరవడం మొదలుపెట్టాయి. రాత్రి బుద్ధిగా ఆగిన కారు తెల్లారి తాళం తిప్పగానే రోడ్డు రోలరులా గర్జించేది. ఓనరు కంగారుగా వంగి చూస్తే కింద గొట్టం రంపంతో కోసి ఉండేది, మధ్యలో ఉండాల్సిన డబ్బా ఉండేది కాదు. పెట్రోలు ఇంజన్ వదిలే విషాన్ని విరిచేది ఆ డబ్బాయే. లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ, దాని మీద బంగారానికి అక్కలాంటి లోహాల పూత. ఆ సంగతి దొంగలకు ఎవరు చెప్పారో గానీ నెల తిరక్కుండా మా స్టేషన్ పరిధిలో ముప్పై ఒక్క డబ్బాలు పోయాయి.

మా స్టేషన్ అన్నానని నేను పోలీసునని అనుకునేరు. మా ఆయన అక్కడ హెడ్ కానిస్టేబుల్. నాది పొగ పరీక్ష. మా ఇంటి కింద, వీధి వైపు గదిలో మెషినూ కంప్యూటరూ పెట్టుకున్నాను. వచ్చిన కారు పొగగొట్టంలో పొడవాటి కడ్డీ దూర్చి, పొగలో ఏ విషం ఎంతుందో చూసి, పాసో ఫెయిలో కాగితం ఇస్తాను. డ్రైవర్లు నన్ను పొగమ్మ అంటారు. ముఖం మీద అన్నా నేనేమీ అనుకోను, పొగే కదా అన్నం పెడుతోంది.

ఆ యేడు గాలి మరీ పాడైంది. ఉదయం పది దాటినా ఎదురింటి మేడ మసకగానే కనిపించేది. దాంతో పైవాళ్ళు రూలు బిగించారు. పొగ కాగితం లేని బండి రోడ్డెక్కితే సీజ్. రోజుకు ఇరవై బండ్లు చూసుకునేదాన్ని, గుమ్మం ముందు తొంభై నిలబడ్డాయి. అసలు రూలు ప్రకారం ఇంజన్ బాగా వేడెక్కాకే కడ్డీ పెట్టాలి. అందుకని పది నిమిషాలు ఇంజన్లు ఆన్‌లో ఉంచేవాళ్ళు, ఆ పొగంతా తిన్నగా మా మేడ మీది కిటికీలోకి పోయేది. కిటికీ పక్కనే అత్తయ్య మంచం. ఆవిడకు ఉబ్బసం. ఒకరోజు దగ్గి దగ్గి పెదాలు నీలంగా మారితే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మర్నాడే నేను గుమ్మానికి బోర్డు తగిలించాను: ‘ఇంజన్ ఆపి వరసలో ఉండండి’. వేడి చేయించడం మానేశాను. ఊరంతా తిరిగి వచ్చే బండ్లే కదా, వేడిగానే ఉంటాయిలే అని సర్దిచెప్పుకున్నాను.

ఒక సాయంత్రం మా ఆయన స్టేషన్ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నా గదిలోనే కూర్చున్నారు.

“ఇన్‌స్పెక్టర్ గారు గోడకి మ్యాప్ తగిలించారు. డబ్బా పోయిన చోటల్లా ఎర్ర గుండుసూది. ఇప్పుడు మ్యాప్ కనబడట్లేదు, సూదులే కనబడుతున్నాయి.”

“ఒక్కడూ దొరకలేదా?”

“దొరికితే నేనిక్కడెందుకు కూర్చుంటాను? పైనుంచి రోజుకి మూడు ఫోన్లు.” ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. “రంపం గాళ్ళు ఒక రకం. ఇంకో రకం ఉన్నారట. రిపేరుకి వచ్చిన కార్లో డబ్బా కోసి, లోపలి దిమ్మ లాగేసి, ఖాళీ డబ్బా మళ్ళీ అతికించేస్తారట. ఓనరుకి అనుమానమే రాదు. నీ పొగ పరీక్షలో తప్ప ఇంకెక్కడా బయటపడదు. నీ దగ్గర ఈ మధ్య ఫెయిలైన కార్లు ఎన్ని?”

పన్నెండేళ్ళ కాపురంలో ఆయన డ్యూటీ సంగతి నన్ను అడగడం అదే మొదలు. నేను పొంగిపోయాను. కంప్యూటరు తెరిచి మూడు వారాల రికార్డు వెతికాను. పదకొండు కార్లు ఫెయిలయ్యాయి. వాటిలో ఎనిమిది ఒకే షెడ్డు నుంచి వచ్చినవి. సైలెన్సర్ తాత షెడ్డు.

తాత షెడ్డు మా ఇంటికి రెండు వందల అడుగులు. డెబ్బై ఏళ్ళ మనిషి. పగిలిన పొగగొట్టం అతికించాలంటే ఊళ్ళో ఆయన తర్వాతే ఎవరైనా. పని అయిన ప్రతి బండినీ “పొగమ్మ దగ్గర కాగితం తీసుకుని పో” అని నా దగ్గరికే పంపుతాడు.

“ముసలాయనండీ, అలాంటివాడు కాదేమో” అన్నాను.

“అలాంటివాడని నేనన్నానా? నీ మెషిన్ అంటోంది. ఆ ఎనిమిదీ ప్రింటు తియ్యి.”

నా మెషిన్ అబద్ధం చెప్పదని నాకూ గర్వమే. తీసి ఇచ్చాను.

మంగళవారం పొద్దున షెడ్డు ముందు జీపు ఆగింది. తాత ఒక నీలం కారు కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. కానిస్టేబుల్ లాఠీతో చెప్పు మీద తట్టాడు. తాత మెల్లగా జరిగి బయటికొచ్చి, తోలు ఏప్రాన్ దులుపుకుని లేచాడు. షెడ్డు గోడకి మూడు పాత డబ్బాలు వేలాడుతుంటాయి. తుక్కు కార్లవి. దారిన పోయే ప్రతివాడూ ఏళ్ళ తరబడి చూస్తున్నవే. మా ఆయన వాటిని దించి సంచిలో వేసుకున్నారు.

జీపెక్కబోతూ తాత, వీధిలోకొచ్చి నిలబడ్డ నన్ను చూశాడు. “అమ్మాయ్, ఈ నీలం కారు మధ్యాహ్నం పంపుదామనుకున్నా. సాయంత్రం పంపుతాలే” అన్నాడు.

నేను తలూపాను.

గురువారం తాత భార్య నా గదికి వచ్చింది. ఆవిడను వీధంతా మామ్మ అంటారు. గుమ్మం దగ్గరే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో కళ్ళజోడు.

“దగ్గరివి ఇది లేకపోతే ఆయనకి కనబడవు. స్టేషన్ గేటు దగ్గర నన్ను లోపలికి పోనీయట్లేదు. మీ ఆయనకిచ్చి అందేలా చూడమ్మా.”

“తప్పకుండా మామ్మా.”

“ఎవడో గిట్టనివాడు చెప్పుంటాడు. చెప్పినవాడి నోరు పడిపోను.” ఆవిడ నా భుజం తట్టింది. “నువ్వు మా మనిషివి కాబట్టి నీతో అంటున్నా.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నోటి మీదికి పోయింది. ఆ సాయంత్రం కళ్ళజోడు మా ఆయనకిచ్చాను. తాతను ఇంకా కాగితం మీద అరెస్టు చూపించలేదని, సోమవారం పేపర్ల వాళ్ళను పిలిచి ఫొటో తీయించి కోర్టుకు పంపుతారని అప్పుడే చెప్పారు. మా ఆయన పేరు ప్రమోషను జాబితాలో పెడతానని ఇన్‌స్పెక్టర్ గారు మాటిచ్చారట. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో సంతోషం ఉంది గానీ కళ్ళు మాత్రం నా వైపు లేవు. అలిసిపోయారనుకున్నాను.

శనివారం పొద్దున ఇన్‌స్పెక్టర్ గారే తన సొంత కారు తెచ్చారు. స్టేషన్ మా వీధి మలుపులోనే. రాత్రంతా ఆవరణలో నిలబెట్టిన కారు, మలుపు తిరిగి నా గుమ్మంలో ఆగింది. కొని ఏడాదే అయిన కారు. కడ్డీ పెట్టాను. ఫెయిల్.

ఆయన పెద్దగా నవ్వారు. “అయితే నా డబ్బా కూడా మీ తాతే లాగేశాడంటారా?”

“మళ్ళీ చూస్తానుండండి” అంటుండగానే వైర్‌లెస్‌లో పిలుపొచ్చింది. ఎక్కడో చివరి కాలనీలో ఇంకో రెండు డబ్బాలు పోయాయట. ఆయన అదే కారులో వెళ్ళిపోయారు. మధ్యాహ్నం తిరిగొచ్చారు. అదే కారు, అదే గొట్టం, అదే కడ్డీ. పాస్. మామూలు పాస్ కాదు, విషం అంకె దాదాపు సున్నా.

“చూశారా, మెషిన్ పొద్దున నిద్ర లేవలేదు” అని ఆయన కాగితం జేబులో పెట్టుకుని పోయారు.

నా నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. డబ్బా వేడెక్కితేనే పని చేస్తుంది. చల్లగా ఉన్నంతసేపూ అది ఉన్నా లేనట్టే. ఇది ట్రైనింగులో మొదటి రోజు పాఠం, పరీక్షలో రాసి పాసయ్యాను కూడా. ఊళ్ళో ఎక్కడి నుంచి వచ్చిన కారైనా నా దగ్గరికి చేరేసరికి వేడిగానే ఉంటుంది, వరసలో కాసేపు ఆగినా చల్లారదు. ఒక్క షెడ్డు కార్లు మాత్రం పూటంతా కదలకుండా పడుండి, స్టార్ట్ చేసిన నిమిషంలో నా గుమ్మంలో ఉంటాయి. రెండు వందల అడుగుల్లో ఏ ఇంజన్ వేడెక్కుతుంది? తాత నా పక్కన ఉండటమే తాత నేరం.

ఎనిమిది కార్లలో ఒకటి బడి మాస్టారిది. ఫోన్ చేసి, అరగంట తిప్పి తీసుకురమ్మన్నాను. వచ్చింది. చూశాను. పాస్.

మా ఆయన ఇంటికి రాగానే చెప్పాను. “ఏమండీ, తాత డబ్బాలు తియ్యలేదు. తప్పు నాది. చల్లటి ఇంజన్ల మీద పరీక్ష చేశాను.”

ఆయన మొదట అడిగింది ఒకటే. “ఇంకెవరితోనైనా అన్నావా?”

“లేదు.”

“అనకు.” కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. “విను. సోమవారం కోర్టులో పెడతారు, వారంలో బెయిలొస్తుంది. సాక్ష్యం నిలబడక కేసు దానంతటదే కొట్టుకుపోతుంది. ముసలాడికి పోయేదేం లేదు. నువ్విప్పుడు నోరు తెరిస్తే నీ లైసెన్సు పోతుంది, నా ప్రమోషను పోతుంది. ఈ ఇల్లు ఎలా నడుస్తుంది?”

“దొంగ అని పేపర్లో ఫొటో పడ్డాక ఆయన షెడ్డుకి ఎవడొస్తాడండీ? పోయేదేం లేదంటారేమిటి?”

“అరవకు. అమ్మ పడుకుంది.”

అత్తయ్య పడుకోలేదు. గోడ పట్టుకుని మెల్లగా గుమ్మం దాకా వచ్చింది. “ఇంజన్లు వేడి చేయించడం ఎందుకు మానేశావమ్మాయ్?” అని అడిగింది.

నా చూపు ఆవిడ మంచం పక్క కిటికీ మీదికి పోయింది. ఆవిడే అంది, “నా దగ్గు కోసమా?”

“అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు” అన్నారాయన.

“వెళ్తాలేరా. ఒకడి ఉసురు పోసుకుని నేను ఊపిరి తీసుకోవాలా, అది చెప్పు ముందు.”

ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచిపోయారు. ఆ రాత్రి మా ఇంట్లో ముగ్గురమూ మేలుకునే ఉన్నాం. నాకు భయంగా ఉంది. లైసెన్సు పోతుందన్న భయం కన్నా, ఆయన మాట వినేస్తానేమో అన్న భయమే ఎక్కువగా ఉంది. ఎందుకంటే ఆయన చెప్పినదాంట్లో ఇల్లు గడవడం గురించిన మాట నిజం.

ఆదివారం ఎనిమిదింటికల్లా నేను స్టేషన్లో ఉన్నాను. మా ఆయన అప్పటికే వచ్చి టేబుల్ దగ్గర ఉన్నారు. నన్ను చూసి లేవలేదు. ఇన్‌స్పెక్టర్ గారికి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన పెన్ను మూత తీస్తూ, పెడుతూ విన్నారు.

“నిప్పు లేనిదే పొగ రాదంటారు కదమ్మా.”

“బండ్లకి అది తిరగబడుతుందండీ. నిప్పు చాలకపోతేనే విషం ఎక్కువ. నిన్న మీ కారు చూశారుగా.”

ఆయన చెయ్యి ఆగింది. కాసేపు గోడ మీది సూదుల వైపు చూశారు. “రేపు పేపర్ల వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు బోర్లా పడేకన్నా ఇవాళ నా ఆవరణలోనే పడటం నయం. ఎనిమిది కార్లూ పిలిపించండి.” నా వైపు తిరిగారు. “ఇది రాసి సంతకం పెడతారా? పెడితే మీకేమవుతుందో తెలుసుగా?”

“తెలుసండీ.”

మెషిన్‌ను తోపుడు బండి మీద ఆవరణలోకి తెచ్చాను. కార్లన్నీ అరగంట ఊరు తిరిగి వచ్చాయి. ఒకటి పాస్. రెండు పాస్. మూడు పాస్. ఏడూ పాసయ్యాయి. ఎనిమిదోది పళ్ళ డాక్టరు గారి పాత బూడిదరంగు కారు. కడ్డీ పెట్టాను. అంకె దిగలేదు. ఇంకో ఐదు నిమిషాలు ఇంజన్ తిప్పించి మళ్ళీ పెట్టాను. దిగలేదు.

మా ఆయన గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది.

“ఒక్కటి చాలమ్మా కేసుకి” అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు, కటువుగా కాదు, మామూలుగానే. “తాతను తీసుకురండి.”

తాతను తెచ్చారు. అయిదు రోజుల గడ్డం, పాదాలు వాచి ఉన్నాయి. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆయన పరిస్థితి గ్రహించాడు. వంగి, బూడిదరంగు కారు గొట్టం దగ్గర చెవి పెట్టి విన్నాడు.

“దిమ్మ లోపలే ఉంది. కరిగిపోయింది. ప్లగ్గులు పోయాయి, మార్చండి బాబూ అని డాక్టరు గారికి రెండుసార్లు చెప్పా. మండని పెట్రోలు డబ్బాలోకి పోయి అక్కడ మండుతుంది, దిమ్మ కరిగిపోతుంది. నేను మార్చింది వెనక గొట్టమే. కోసి చూడండి.”

డాక్టరు గారు గొంతు సవరించుకున్నారు. “కోసుకోండి. కారు ఎలాగూ తుక్కే.”

“ఎవరు కోస్తారు?” అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. ఎవరూ ముందుకు రాలేదు. ఊళ్ళో ఆ పని తిన్నగా చేసే మనిషి ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు.

“చల్లారాక నేనే కోస్తా. గ్రైండరు తెప్పించండి. నా కళ్ళజోడు కూడా.”

మా ఆయన తన టేబుల్ సొరుగు తెరిచి కళ్ళజోడు తీశారు. గురువారం నేనిచ్చిందే. ఇంకా నా జేబురుమాలులో చుట్టి ఉంది.

కారు చల్లారడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ నేను ఎండలో నిలబడే ఉన్నాను. ఒకవేళ డబ్బా ఖాళీగా ఉంటే? తాత మాట తప్పయితే? ఆయన్ని నేనే పట్టించాను, ఇప్పుడు నేనే ఆయన చేతికి రంపమిచ్చి ఆయన మెడ కోయిస్తున్నానా అనిపించింది. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. తాత కారు కింద దూరాడు. నిప్పురవ్వలు లేచాయి. డబ్బా తీసి, నిలువునా రెండు ముక్కలుగా కోసి ఇన్‌స్పెక్టర్ గారి ముందు పెట్టాడు. లోపల దిమ్మ ఉంది. సగం కరిగి నల్లగా ముద్దకట్టి ఉంది.

ఇన్‌స్పెక్టర్ గారు దాన్ని చేత్తో తడిమి చూశారు. వేళ్ళకంటిన మసి తుడుచుకుంటూ, “ఇంటికి వెళ్ళు తాతా” అన్నారు. మూడు పాత డబ్బాలూ సంచితో సహా తిరిగి ఇచ్చేయమన్నారు.

గేటు బయట మామ్మ ఉంది. తాత అటు వెళ్తుంటే నేను అడ్డం నిలబడ్డాను. “తాతా, తప్పంతా నాదే. నేనే నీ పేరు చెప్పాను.”

“తెలుసులే. ఎవరైనా తప్పు చేస్తారు.” ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “కానీ అయిదు రోజులెందుకు పట్టింది తల్లీ?”

“నాకు నిన్ననే కదా తెలిసింది.”

తాత నన్ను చూశాడు. నా భుజం మీదుగా మా ఆయన్ని చూశాడు. ఏదో అనబోయి ఆగి, మామ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

స్టేషన్ రైటర్ నన్ను లోపలికి పిలిచి, నేను రాసిచ్చిన కాగితం ఫైల్లో పెట్టి సంతకం చెయ్యమన్నాడు. ఆ సంతకంతో ఆరు నెలలు నా గది మూతపడింది, అది వేరే సంగతి. సంతకం పెట్టడానికి కాగితాలు సర్దుతుంటే కింది పేజీ కనిపించింది. తాత వాంగ్మూలం. మంగళవారం తేదీ. అక్షరాలు మా ఆయనవి, ఎక్కడున్నా గుర్తుపడతాను. చదివాను.

‘నా బండ్లు షెడ్డు నుంచి చల్లగా వెళ్తాయి. పొగమ్మ వేడి చెయ్యకుండా చూసినట్టుంది. ఒక్కసారి వేడి చేసి చూడమని ఆ అమ్మాయికి చెప్పండి, అన్నీ పాసవుతాయి.’

ఇంటికి ఇద్దరం కలిసే నడిచాం. వీధిలో ఆదివారపు ట్రాఫిక్, ఎప్పటి పొగే. మా గుమ్మం ముందు బోర్డు దగ్గర ఆగాను.

“మంగళవారమే తాత మీకు చెప్పాడు. నాకెందుకు చెప్పలేదు?”

ఆయన వంకరగా ఉన్న బోర్డును సరిచేశారు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నారు.

“చెబితే నువ్వు వేడి చేసి చూసేదానివి.”

పన్నెండేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే.